ఇంగ్లీషు సామెతల్లో ఆడవాళ్లు: క్లాసులో ఏవి చెప్పాలి, ఏవి వదిలేయాలి?

పలకాబలపం

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఇంగ్లీషు సామెతల మీద ఒక చిన్న పుస్తకం తయారుచేసే పని మా డిపార్ట్‌మెంట్‌లో నా నెత్తిన పడింది. సామెత, దాని అర్థం, వాక్యంలో ఒక ప్రయోగం, అంతే కదా అనుకుని పాత సంకలనాలు తిరగేయడం మొదలుపెట్టాను. ఆడవాళ్ల మీద ఉన్నవాటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కొన్ని చూడండి, తెలుగులోనే రాస్తున్నాను.

"ఆడది, కుక్క, అక్రోటు చెట్టు: ఎంత బాదితే అంత బాగుపడతాయి."

"ఆడవాళ్లు ఎక్కువైతే మాటలెక్కువ, పెద్దబాతులు ఎక్కువైతే రెట్టలెక్కువ."

"ఓడకూ ఆడదానికీ ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు."

"దేశం మొత్తానికి మంచి పెళ్లాం ఒక్కతే. ప్రతి మగాడూ ఆవిడ తన ఇంట్లోనే ఉందనుకుంటాడు."

"బంగారంలాంటి ఆడదానికి గడ్డిబొమ్మలాంటి మగాడు చాలు."

ఇవి గోడల మీద బొగ్గుతో రాసిన రాతలు కావు. వీటిలో చాలావాటిని 1670లో తన సంకలనంలో అచ్చువేసిన జాన్ రే పెద్ద ప్రకృతి శాస్త్రవేత్త, మొక్కల వర్గీకరణకు పునాదులు వేసినవాళ్లలో ఒకడు. ఓడ సామెత జార్జ్ హెర్బర్ట్ సేకరణలోది. ఆయన పల్లెటూరి చర్చి గురువు, మంచి కవి. ఆయన పోయాక 1640లో ఆ సేకరణ అచ్చయింది. అంటే చదువుకున్న పెద్దమనుషులు ఇది లోకజ్ఞానం అని నమ్మి దాచిపెట్టిన సరుకు ఇది.

"మంచివి మాత్రమే వేయండి మేడమ్, గొడవుండదు" అని మా హెచ్‌ఓడీ సలహా. అలా ఏరి పారేస్తే పిల్లలకు సగమే చూపించినట్టు ఉంటుందని నా బాధ. మీరేమంటారు?

గడుగ్గాయి

అక్కా, ఇవన్నీ పాత జోకులు. ఏ సారాకొట్లోనో నలుగురు మగాళ్లు కూర్చుని నవ్వుకోవడానికి అన్నవి. నేను రోజూ లండన్ వాళ్లతో కాల్స్‌లో ఉంటాను, ఒక్కడి నోటా అక్రోటు చెట్టు మాట వినలేదు. చచ్చిన పామును ఇప్పుడు కర్రతో కొట్టడం ఎందుకు? పైగా మన దగ్గర లేవా? "ఏడ్చే మగవాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదు" అని మా నాయనమ్మే అనేది.

ఓరుగల్లు పిల్ల

అన్నా, పాము చావలేదు. "హెల్ హ్యాత్ నో ఫ్యూరీ లైక్ ఎ వుమన్ స్కార్న్‌డ్" అనేది ఇవాళ్టికీ ఏ విడాకుల కేసు వార్త కిందైనా కామెంట్లలో కనపడుతుంది. చాలామంది షేక్‌స్పియర్ అనుకుంటారు. రాసింది విలియం కాంగ్రీవ్, 1697లో, ఒక విషాద నాటకంలో. అసలు అక్కడ ఉన్నవి రెండు పాదాలు. మొదటి పాదం: ద్వేషంగా మారిన ప్రేమకున్నంత కోపం స్వర్గంలో కూడా లేదు. అది ఎవరికైనా వర్తిస్తుంది, మగా ఆడా తేడా లేదు. రెండో పాదం ఆడదాని గురించి: తిరస్కారానికి గురైన ఆడదానికున్నంత ఆగ్రహం నరకంలో కూడా లేదు అని. లోకం మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్నే ఎత్తుకుంది, అదీ కొంచెం మార్చుకుని. ఏది సామెత అవ్వాలో నిర్ణయించేది రాసినవాడు ఒక్కడే కాదు, ఏరుకునేవాళ్లు కూడా.

మీ నాయనమ్మ సామెత బాగుంది. ఇంగ్లీషువాళ్లది ఇక్కడ తిరగబడి ఉంటుంది. మనవాళ్లకు ఆడదాని నవ్వు మీద అనుమానం, వాళ్లకు ఆడదాని ఏడుపు మీద. "ఆడది ఏడిస్తే జాలిపడటం, పెద్దబాతు చెప్పుల్లేకుండా నడుస్తోందని జాలిపడటం ఒక్కటే" అని వాళ్ల సామెత. "నవ్వగలిగినప్పుడు నవ్వుతారు, కావాలనుకున్నప్పుడు ఏడుస్తారు" అని ఇంకొకటి. మొత్తానికి నవ్వినా తప్పే, ఏడ్చినా తప్పే. ఏ దేశంలో ఉన్నామో చూసుకుని మొహం పెట్టుకోవాలి.

తోటమాలి

అక్రోటు సంగతి నేను చెబుతాను. అక్రోటు కాయలు దులపడానికి పొడుగాటి కర్రలతో కొమ్మల్ని కొట్టడం యూరప్‌లో పాత పద్ధతి. ఆ దెబ్బలకు చివర్లు విరిగి, పక్క నుంచి పొట్టి కొమ్మలు వచ్చి మరుసటేడు కాపు బాగుంటుందని వాళ్ల నమ్మకం. అంటే చెట్టు విషయంలో వాళ్ల లెక్క వాళ్లకు ఉంది. అదే వాక్యంలో కుక్కనూ ఆడమనిషినీ ఇరికించడానికి మాత్రం ఏ లెక్కా లేదు. నాకు తెలిసి ఇది పుట్టింది ఇంగ్లండ్‌లో కూడా కాదు. మధ్యయుగపు లాటిన్‌లో ఉంది, అక్కడ కుక్క బదులు గాడిద. ఇంగ్లీషులోకి వచ్చాక గాడిద పోయి వేటకుక్క వచ్చింది, ఆడది మాత్రం కదల్లేదు.

కోర్టు పక్షి

"జోకులు" అన్న గడుగ్గాయి గారికి ఒక మాట. ఆడవాళ్ల నోటి మీద ఇంగ్లీషులో ఉన్నన్ని సామెతలు ఇంక దేని మీదా లేవేమో. "నక్కంతా తోకే, ఆడదంతా నాలుకే." "ఆడదానిలో చివరగా చచ్చేది నాలుకే." "ఆడదాని నాలుక గొర్రెపిల్ల తోకలా ఊగుతుంది." సరే, నవ్వుకుందాం. కానీ ఈ నవ్వు వెనకాల చట్టం ఉంది.

ఇంగ్లండ్‌లో "కామన్ స్కోల్డ్" అని ఒక నేరం ఉండేది. ఇరుగుపొరుగుతో ఎప్పుడూ గొడవపడే, నోరు పెద్దదైన ఆడమనిషి మీద పెట్టే కేసు. శిక్ష ఏమిటంటే డకింగ్ స్టూల్. పొడుగాటి దూలం చివర కుర్చీ బిగించి, దాంట్లో ఆమెను కట్టి చెరువులోనో ఏట్లోనో ముంచి లేపడం. ఊరంతా చూస్తుంది. హియర్‌ఫర్డ్‌షైర్‌లోని లెమ్‌స్టర్ పట్టణంలో 1809లో ఒకామెను నిజంగానే ముంచారు. 1817లో ఇంకొకామెను తీసుకెళ్లారు గానీ ఏట్లో నీళ్లు చాలక వదిలేశారు. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడి చర్చిలో ఉంది, పర్యాటకులు ఫోటోలు దిగుతారు.

దానికంటే ఘోరం స్కోల్డ్స్ బ్రైడిల్, అంటే గయ్యాళి నోటికి వేసే కళ్లెం. ఇనుప చట్రం తలకు బిగిస్తారు, దాని రేకు ఒకటి నోట్లోకి వెళ్లి నాలుకను నొక్కి పెడుతుంది. స్కాట్లండ్‌లోనూ ఉత్తర ఇంగ్లండ్‌లోనూ ఎక్కువ. థేమ్స్ ఒడ్డున వాల్టన్ అనే ఊరి చర్చిలో 1633 అని తేదీ ఉన్న ఒక కళ్లెం ఉండేది. దాని మీద ప్రాసతో ఒక రెండు పాదాల పద్యం కూడా చెక్కారు: చెస్టర్ అనే ఆయన వాల్టన్‌కు ఈ కళ్లెం బహూకరిస్తున్నాడు, పనిలేని మాటలాడే ఆడ నాలుకలను అదుపు చేయడానికి అని. సామెత, పద్యం, ఇనుము మూడూ ఒకే వస్తువులో.

ఆ నేరాన్ని ఇంగ్లండ్‌లో చట్టం నుంచి తీసేసింది ఎప్పుడో తెలుసా? 1967లో. అమెరికాలోని న్యూజెర్సీలో 1972లో కూడా ఒకామె మీద ఆ పాత కేసు పెడితే కోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

గడుగ్గాయి

1967 అంటే నేను నమ్మలేకపోతున్నాను. అయితే ఇదీ కలపండి: భార్యను బొటనవేలు మందం కర్రతో కొట్టొచ్చని ఇంగ్లండ్‌లో చట్టం ఉండేదట, "రూల్ ఆఫ్ థంబ్" అందులోంచే వచ్చిందట కదా?

కోర్టు పక్షి

అది మాత్రం కలపకండి. అలాంటి చట్టం ఎక్కడా దొరకలేదు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి అలా అన్నాడని ఒక పుకారు లేచింది, ఆయన నిజంగా అన్నట్టు ఏ రికార్డూ లేదు. జేమ్స్ గిల్‌రే అనే కార్టూనిస్టు వెంటనే ఆయన్ను కర్రలు అమ్మే "జడ్జి థంబ్"గా బొమ్మ గీశాడు. జనానికి ఆ బొమ్మ గుర్తుండిపోయింది. "రూల్ ఆఫ్ థంబ్" అనే మాటేమో అంతకు వందేళ్ల ముందు నుంచే ఉజ్జాయింపు కొలత అనే అర్థంలో ఉంది. నిజంగా జరిగినవే ఇన్ని ఉండగా లేనిదాన్ని తెచ్చి చేరిస్తే, ఎదుటివాడు ఆ ఒక్కటీ పట్టుకుని మిగతావన్నీ కొట్టిపారేస్తాడు. క్లాసులో ఇది ముఖ్యం, పలకాబలపం గారూ.

బందరు లడ్డూ

నాలుక గురించి కాబట్టి నేనూ నాలుగు మాటలు. 2007లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 396 మంది కాలేజీ పిల్లలకు చిన్న రికార్డర్లు తగిలించి మాటలు లెక్కపెట్టారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ రోజుకు దాదాపు 16,000 మాటలు. తేడా చెప్పుకోదగ్గది కాదు. నాలుగు వందల ఏళ్ల సామెతలు ఒక్క రికార్డర్‌తో ఢమాల్.

తోటమాలి

లడ్డూ గారూ, కథ అక్కడ ఆగలేదు. అదే పనిని దాదాపు 2,200 మందితో మళ్లీ చేసి 2025లో ప్రచురించారు. కుర్రవయసులో తేడా లేదు. ముసలితనంలోనూ పెద్దగా లేదు. 25 నుంచి 64 ఏళ్ల మధ్య మాత్రం ఆడవాళ్లు సగటున రోజుకు మూడు వేల మాటలు ఎక్కువ. పిల్లల్ని పెంచే వయసు కదా, అదే కారణం కావచ్చని వాళ్ల ఊహ.

బందరు లడ్డూ

"అన్నం తిను, పుస్తకం తియ్, స్నానం చెయ్, చెప్పులు ఎక్కడ పెట్టావ్." మా ఇంట్లో మూడు వేలు ఇవే. వినేవాడికి ఒక్కసారి చెప్తే సరిపోతే లెక్క సమానమయ్యేది.

మేరీల్యాండ్ మామయ్య

మా రాష్ట్రం గురించి చెప్పకపోతే అన్యాయం. మేరీల్యాండ్ రాజముద్ర మీద ఇటాలియన్‌లో ఒక నినాదం ఉంది: "ఫత్తి మస్కి, పరోలె ఫెమినె." ఈ వలసను స్థాపించిన కాల్వర్ట్ కుటుంబం వాళ్ల వంశ నినాదం అది. ఉన్నదున్నట్టు చెబితే "చేతలు మగవి, మాటలు ఆడవి". హెర్బర్ట్ 1640 సేకరణలో కూడా ఇదే సామెత ఉంది. ఇప్పుడు రాష్ట్రం అధికారికంగా చెప్పే అర్థమేమో "బలమైన చేతలు, మృదువైన మాటలు". ముద్ర మార్చకుండా అర్థం మార్చేశారు. నాకైతే ఇది కొంచెం దొంగతనంగానే అనిపిస్తుంది, మా ఆవిడ మాత్రం "పోనీలే, ముద్ర తీసేయాలంటే ఎంత ఖర్చు" అంటుంది.

దీనికి జవాబు 1965లో వచ్చింది. మార్గరెట్ థాచర్, అప్పటికింకా ప్రధాని కాలేదు, ఆడవాళ్ల సంఘం సభలో అంది: రాజకీయాల్లో ఏదైనా మాట చెప్పించాలంటే మగాణ్ణి అడగండి, పని జరిపించాలంటే ఆడదాన్ని అడగండి అని. ఆవిడ రాజకీయాలు నాకు నచ్చవు గానీ పాత సామెతను తలకిందులు చేసిన తీరు మాత్రం భలే.

గుంటూరు గువ్వ

అందరూ తిట్లే చెబుతున్నారు. ఇంగ్లీషు సామెతల్లో బైబిల్ నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి, వాటిలో పొగడ్తలు కూడా ఉన్నాయి. సామెతల గ్రంథం 31వ అధ్యాయం మా చర్చిలో ఏ పెళ్లిలోనైనా చదువుతారు: "గుణవతియైన భార్య దొరుకుట అరుదు, అట్టిది ముత్యముకంటె అమూల్యమైనది." ఇంగ్లీషులో ముత్యం బదులు కెంపులు. గయ్యాళి భార్య గురించి కూడా అదే గ్రంథంలో ఉంది, ముసురు రోజున ఎడతెగకుండా కారే చూరుతో పోల్చాడు. కాదనను. కానీ 31వ అధ్యాయంలోని ఆ ఇల్లాలు ఏం చేస్తుందో పూర్తిగా చదవండి. పొలం చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట వేయిస్తుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది, బీదలకు చెయ్యి చాపుతుంది. నోరు మూసుకుని కూర్చున్న మనిషి కాదు. "జ్ఞానము కలిగి తన నోరు తెరచును" అని స్పష్టంగా ఉంది.

కోర్టు పక్షి

గువ్వ గారూ, మంచి పాయింట్ ఎత్తారు. ఇందులో ఒక వింత ఉంది. ఇంగ్లండ్‌లో ప్రతి ఆదివారం ఈ బైబిలే చదివేవాళ్లు. కానీ వాళ్ల చట్టం ప్రకారం పెళ్లైన ఆడది ఆ పొలం తన పేరున కొనలేదు. పెళ్లితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి అవుతారని బ్లాక్‌స్టన్ అనే ఇంగ్లీషు న్యాయ పండితుడు 1765లో రాశాడు, ఆ ఒక్క మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. భార్య సంపాదన ఆమెదే అని 1870 చట్టం, ఆస్తి కూడా ఆమెదే అని 1882 చట్టం వచ్చేదాకా ఇదే పరిస్థితి. గుణవతి కెంపుల కంటే విలువైనదే, కాకపోతే ఆమె మెడలో కెంపులుంటే అవీ భర్తవే.

పలకాబలపం

నేను అడిగినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది, అందరికీ థాంక్స్. నాకు దొరికినది ఒకటి పంచుకుంటాను. "చిల్డ్రన్ షుడ్ బి సీన్ అండ్ నాట్ హర్డ్" అని మనందరికీ తెలుసు కదా, పిల్లలు కనపడాలి గానీ వినపడకూడదని. అది మొదట పిల్లల గురించి కాదు. 15వ శతాబ్దంలో జాన్ మర్క్ అనే మతగురువు ప్రసంగాల్లో ఉన్న రూపం "కన్యపిల్ల కనపడాలి, వినపడకూడదు". ఆయనే దాన్ని పాత ఇంగ్లీషు నానుడి అంటాడు, అంటే ఇంకా వెనకటిది. తర్వాతెప్పుడో అది పిల్లలందరికీ వ్యాపించింది. ఇంతకాలంగా ఈ సామెత చెబుతున్నాను, ఈ సంగతి ఏ గైడులోనూ లేదు.

ఈల సామెత కూడా ఇదే కుటుంబం: "ఈల వేసే ఆడది, కూత పెట్టే కోడిపెట్ట దేవుడికీ పనికిరావు, మనిషికీ పనికిరావు." 1721 నాటి స్కాట్లండ్ సేకరణలో వీటితోపాటు ఒక ఆవు కూడా ఉంది.

గడుగ్గాయి

అక్కా, ఒప్పుకుంటాను, సరుకు గట్టిదే. కానీ ఒక అనుమానం. ఇవన్నీ మగాళ్లే పుట్టించారని మీరంతా ఎలా అంటున్నారు? మా ఇంట్లో సామెతలన్నీ ఆడవాళ్ల నోటే విన్నాను. అత్తలు కోడళ్లను, తల్లులు కూతుళ్లను వీటితోనే కదా దారిలో పెట్టేది.

ఓరుగల్లు పిల్ల

మంచి ప్రశ్న అన్నా. పుట్టించింది ఎవరో ఎవరూ చెప్పలేరు. రాసిపెట్టింది ఎవరో మాత్రం చెప్పగలం. ఇంగ్లీషులో మొదటి పెద్ద సామెతల పుస్తకం 1546లో జాన్ హేవుడ్‌ది. దాని కథ ఏంటంటే, ఒక కుర్రాడికి రెండు సంబంధాలు: డబ్బులేని పడుచుపిల్ల, డబ్బున్న ముసలి విధవరాలు. ఎవర్ని చేసుకోవాలని అడిగితే, రెండు రకాల పెళ్లిళ్లూ ఎలా చెడిపోయాయో సామెతల్లో చెబుతూ పోతాడు. అంటే పుస్తకం చట్రమే "పెళ్లాంతో బాధలు". ఆ చట్రంలో ఇమిడే సామెతలే అందులోకి వచ్చాయి. పొయ్యి దగ్గర, బావి దగ్గర, పురిటి గదిలో ఆడవాళ్లు మగాళ్ల మీద ఏం సామెతలు చెప్పుకుని నవ్వుకున్నారో, హేవుడ్ గానీ రే గానీ అక్కడికి వెళ్లి రాసుకోలేదు కదా.

ఈ సంగతి 14వ శతాబ్దం చివర్లోనే చాసర్ అనే ఇంగ్లీషు కవి పట్టుకున్నాడు. ఆయన కథల్లో బాత్ ఊరి ఆవిడ ఉంటుంది, ఐదు పెళ్లిళ్లు చేసుకున్న మనిషి. ఐదో మొగుడు చదువుకున్నవాడు, రాత్రిళ్లు పొయ్యి పక్కన కూర్చుని చెడ్డ ఆడవాళ్ల కథలు, సామెతలు ఉన్న ఒక పుస్తకం ఆమెకు చదివి వినిపిస్తుంటాడు. ఓ రాత్రి ఓపిక నశించి ఆమె ఆ పుస్తకంలో కాగితాలు చింపేస్తుంది. వాడు కొడతాడు, ఆమెకు ఒక చెవి వినపడకుండా పోతుంది. చివరికి ఆ పుస్తకాన్ని వాడి చేతే కాల్పిస్తుంది. ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది: సింహం బొమ్మ గీసిందెవరు? ఓడిపోయిన సింహం బొమ్మను గీసింది మనిషి కాబట్టి అలా ఉంది, సింహమే గీసి ఉంటే వేరేలా ఉండేది అని.

గడుగ్గాయి

ఆ ఆవిణ్ణి గీసిందీ చాసర్ అనే మగాడే కదా మరి.

ఓరుగల్లు పిల్ల

దొరికిపోయాననుకున్నావా? అయితే ఆడమనిషి రాసిందే తీసుకో. జేన్ ఆస్టిన్ చివరి నవలల్లో ఒకటి, ఆమె పోయాక 1817 చివర్లో వచ్చింది. అందులో ఒక కెప్టెన్, నాయిక ఆన్ వాదించుకుంటారు, ప్రేమలో నిలకడ ఎవరికి ఎక్కువ అని. పాటలు, సామెతలు అన్నీ ఆడదాని చపలత్వం గురించే చెబుతాయి అంటాడు ఆయన. వెంటనే తనే "అవన్నీ మగాళ్లు రాసినవే అంటారేమో" అంటాడు. ఆన్ అవునంటుంది, కలం వాళ్ల చేతుల్లోనే ఉంది కాబట్టి పుస్తకాలు సాక్ష్యంగా ఒప్పుకోను అంటుంది. ఈ చర్చ మనం ఇవాళ కొత్తగా మొదలుపెట్టింది కాదు.

అత్తలు, తల్లులు వాడతారన్నది నిజమే. కళ్లెం ఎవరు తయారుచేశారన్నది ఒకటి, ఎవరు బిగించారన్నది ఇంకొకటి. రెండో పనికి ఇంట్లోవాళ్లే ఎక్కువగా దొరుకుతారు.

గుంటూరు గువ్వ

ఆడవాళ్లు సామెతను తమకోసం వాడుకున్న సందర్భాలు కూడా ఉంటాయి కదా. "వుమన్స్ వర్క్ ఈజ్ నెవర్ డన్", ఆడదాని పనికి అంతు లేదు అని మా అమ్మ అంటే అది ఫిర్యాదు. నాన్న అంటే జోకు.

పలకాబలపం

గువ్వ గారూ, దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. ఈ మాట తొలి రూపాల్లో ఒకటి 16వ శతాబ్దంలో థామస్ టస్సర్ రాసిన వ్యవసాయ పద్యాల్లో ఉంది: వాన పడితే మగవాళ్లకు కాస్త విరామం దొరుకుతుంది, ఇల్లాలి పనికి మాత్రం అంతు లేదు అని. అది బయటినుంచి చూసి చెప్పిన మాట.

అదే మాట 1795 నవంబరులో అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో ఒక మంత్రసాని డైరీలో కనపడుతుంది. పేరు మార్తా బల్లార్డ్. 1785 నుంచి 1812 దాకా డైరీ రాసింది, అందులో 816 కాన్పుల లెక్క ఉంది. ఆ రోజు ఇంటిపని చేసి, పొదుగు వాచిన ఆవుకు సేవ చేసి, ఆ తర్వాత రాసుకుంది: పాటలో అన్నట్టు ఆడదాని పనికి అంతు లేదు, చివరిదాకా ఒంట్లో బలం ఉన్నదే అదృష్టవంతురాలు అని. అదే సామెత, కానీ ఇక్కడ చెబుతున్నది పని చేస్తున్న మనిషి. రెండో సగం ఆమె సొంతంగా కలిపినట్టుంది. నాకు ఆ రెండో సగమే ఎక్కువ నచ్చింది.

ఈ డైరీని బయటి ప్రపంచానికి చూపించిన చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిక్. "వెల్ బిహేవ్డ్ విమెన్ సెల్డమ్ మేక్ హిస్టరీ", బుద్ధిగా ఉండే ఆడవాళ్లు చరిత్రకెక్కడం అరుదు అన్నదీ ఆవిడే, 1976లో ఒక పరిశోధన వ్యాసంలో. ఇప్పుడు టీషర్టుల మీద, కప్పుల మీద "అల్లరి చెయ్యండి, చరిత్రకెక్కండి" అన్న అర్థంలో వేసుకుంటారు. ఆవిడ రాసినప్పటి బాధ వేరు: బుద్ధిగా బతికిన మామూలు ఆడవాళ్లను చరిత్ర పట్టించుకోలేదు, వాళ్లను వెతకాలి అని.

బందరు లడ్డూ

ఇలాంటిదే "చేపకు సైకిల్ ఎంత అవసరమో ఆడదానికి మగాడు అంత అవసరం". అందరూ అమెరికా స్త్రీవాది గ్లోరియా స్టైనమ్ మాట అంటారు. అది కాదని, 1970లో ఐరీనా డన్ అనే ఆస్ట్రేలియా ఆవిడ అన్న మాటని స్టైనమే ఒక పత్రికకు ఉత్తరం రాసి మరీ చెప్పింది. డన్ దాన్ని సిడ్నీలో బాత్‌రూమ్ తలుపుల మీద రాసిందట. పలకాబలపం గారూ, గోడల మీద రాతలను తక్కువ చేయకండి. మా అమ్మాయి టీషర్టు మీద చూసి మా అమ్మ "చేపకు సైకిలెందుకే" అని అడిగింది. "అదేగా నాయనమ్మా" అంది ఇది.

కోర్టు పక్షి

మన రాజకీయాల్లో బాగా నలిగే సామెత ఒకటి మర్చిపోతున్నాం. "సీజర్ భార్య అనుమానానికి అతీతంగా ఉండాలి." మంత్రి మీద ఆరోపణ వచ్చినా, జడ్జి మీద వచ్చినా ఎవరో ఒకరు దీన్ని లాగుతారు. నిజాయితీకి గొప్ప కొలమానంలా చెబుతారు. అసలు జరిగింది వినండి. క్రీ.పూ. 62లో రోమ్‌లో సీజర్ ఇంట్లో ఆడవాళ్లు మాత్రమే చేసే పూజ జరుగుతోంది. క్లోడియస్ అనే కుర్రాడు ఆడవేషంలో లోపలికి దూరి పట్టుబడ్డాడు. సీజర్ భార్య పాంపియా కోసమే వచ్చాడని పుకారు. సీజర్ ఆమెకు విడాకులిచ్చాడు. కోర్టులో మాత్రం నాకేమీ తెలియదన్నాడు. మరి విడాకులెందుకిచ్చావంటే చెప్పిన జవాబే ఈ సామెత. క్లోడియస్ నిర్దోషిగా బయటపడ్డాడు. పాంపియా మీద ఎవరూ ఏదీ రుజువు చేయలేదు, ఆమె ఇల్లు మాత్రం పోయింది. ఇక సీజర్ సొంత వ్యవహారాల గురించి రోమ్ సైనికులే పాటలు కట్టి పాడుకున్నారు. అనుమానానికి అతీతంగా సీజర్ ఉండాలని ఎవరూ సామెత కట్టలేదు.

తోటమాలి

మనవాళ్లవి కూడా పక్కన పెట్టి చూస్తే బాగుంటుంది కదా. 1868లో కెప్టెన్ కార్ అనే ఆంగ్లేయుడు మద్రాసులో "ఆంధ్ర లోకోక్తి చంద్రిక" అని తెలుగు సామెతల సంకలనం వేశాడు. చాలా తెలుగు సామెతల కింద ఇంగ్లీషు జోడీ కూడా ఇచ్చాడు.

మోడరేటర్

తెలుగు సామెతలకు విడిగా చర్చ తెరవండి, దయచేసి ఇక్కడ కలపకండి. రెండూ కలిస్తే "మీవి చెడ్డవా మావి చెడ్డవా" అనే గొడవలోకి పోతుంది. ఇంతకుముందు ఒకసారి చూశాం.

ఓరుగల్లు పిల్ల

సరే అండీ. ఒక్క మాట మాత్రం. మినెకె షిప్పర్ అని డచ్ పరిశోధకురాలు ప్రపంచమంతటి నుంచి ఆడవాళ్ల మీద 15,000కు పైగా సామెతలు పోగుచేసింది. పోటీ పెడితే ఏ దేశం వాళ్లకూ కప్పు దక్కదు, అందరూ టై.

పలకాబలపం

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పుస్తకంలో ఒక విడి అధ్యాయం పెడతాను. సామెత, ఎప్పటిది, ఎవరి సేకరణలోది, అప్పట్లో చట్టం ఎలా ఉండేది. ప్రతిదాని కింద పిల్లలకు ఒకటే పని: ఈ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అని ఉంటారో ఒక చిన్న సంభాషణగా రాయండి. మంత్రసాని డైరీ తప్పకుండా ఉంటుంది, సీజర్ భార్య కూడా. అక్రోటు చెట్టు కూడా వేస్తున్నాను. మా హెచ్‌ఓడీ ఏమంటారో చూడాలి.

గుంటూరు గువ్వ

అక్రోటు వద్దు మేడమ్. మా హాస్టల్లో అలాంటి ఒక్క వాక్యం క్లాసులో వస్తే ఆ ఏడాదంతా అబ్బాయిల నోట్లో అదే. మీ వివరణ ఎవరికీ గుర్తుండదు, ప్రాస గుర్తుంటుంది.

ఓరుగల్లు పిల్ల

నాకు వేయాలనే ఉంది. కానీ గువ్వ చెప్పిన భయం నిజమే. కాంగ్రీవ్ విషయంలో జరిగింది అదే కదా, సగం పోయి సగమే మిగిలింది.

గడుగ్గాయి

వేస్తే పక్కనే ఇనుప కళ్లెం ఫోటో వేయండి అక్కా. నేను మొదట నవ్వాను, 1967 అన్నది చదివాక నవ్వు రాలేదు.

పలకాబలపం

ఫోటో ఐడియా బాగుంది. గువ్వ గారూ, మీ మాట కూడా ఆలోచిస్తున్నాను. ఇంగ్లీషు ప్రాసతో కాకుండా అర్థం మాత్రమే తెలుగులో ఇస్తే నోటికి ఎక్కదేమో. డ్రాఫ్ట్ అయ్యాక ఆ పేజీ ఇక్కడే పెడతాను, మీరే ముందు చూడండి. పరీక్షలో మాత్రం ఈ అధ్యాయం నుంచి "ఖాళీలు పూరింపుము" ఉండదు.